లేని గాయనికి తాళము వేయువారు

శ్రుతి తల్లి, లయ తండ్రి అని సంగీతమును గూర్చి పెద్దలు చెప్పుదురు. శ్రుతిని చెవి పట్టుకొనును. లయను చేయి పట్టుకొనును. కచేరీ జరుగుచున్నప్పుడు వేదికమీది విద్వాంసుని విడిచి, ముందు వరుసలో కూర్చున్న రసికుని ఒక్క నిముషము చూచినచో ఈ మాటలోని నిజము తెలియగలదు. అతడు పాడడు, వాద్యము పట్టడు. అయినను అతని కుడిచేయి తొడమీద ఒక దెబ్బ వేయును. చిటికెనవ్రేలు మొదలుకొని మూడు వ్రేళ్ళు లెక్కించును. పిమ్మట రెండు మారులు దెబ్బయు విసురును వేసి, మరల మొదటికి వచ్చును. పాటలో శ్రోతకు గల భాగము అది. ఆ భాగమును అతనికి ఎవరును పంచి యీయలేదు, అతడే తీసికొనినాడు.

జపాను దేశమున ఈ శ్రోత భాగమునే ప్రత్యేకించి ఒక క్రీడగా మలచిరి. తెరమీద ఒక బాలిక పాడుచు నృత్యము చేయుచుండును. ఆమె పాట నడకకు సరిపోవునట్లు ఆడువాడు చేతిలోని మీటలను నొక్కవలెను. వీడియో గేములలో ఇదియొక శాఖ. దీనిని తెలుగున లయక్రీడ యనవచ్చును. ఇంతవరకు వింత యేమియు లేదు. వింత యేమనగా, ఆ పాడెడి బాలిక లోకమున ఎచ్చటను లేదు. ఆమెకు దేహము లేదు, ఊపిరి లేదు, వయసు పెరుగదు. ఆమె పేరు హత్సునె మికు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత తెలుగువారికి వెంటనే జ్ఞాపకము వచ్చును. కాని ఇచ్చట సోమలింగము పేరుతో వేల పాటలు పుట్టినవి, నాటకశాలలు నిండినవి, ఆమె పాటకు తాళము వేయుచు ఒక తరము యువజనులు పెరిగిరి.

లేని గాయనికి తాళము వేయుట వట్టి వ్యసనమా, లేక అందులో సంగీతమునకు సంబంధించిన విషయము ఏదైన ఉన్నదా? పిల్లలను చదివించువారు ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట తగదు. ముందుగా ఆ గాయని పుట్టుక తెలియవలెను.

గాయని పుట్టుక

వాద్యముల తయారీలో పేరుగన్న యమహా సంస్థలో కెన్మొచి హిదెకి అను ఇంజనీరు నాయకత్వమున 2000 సంవత్సరమున ఒక పరిశోధన ప్రారంభమైనది. స్పెయిను దేశమున బార్సిలోనా నగరములోని పొంపెయు ఫాబ్ర విశ్వవిద్యాలయమువారు అందులో తోడుపడిరి. మనుష్యుని గొంతును నిలువచేసి, ఆ మనుష్యుడు ఎన్నడును పాడని పాటను ఆ గొంతుచేత పాడించుట సాధ్యమా అన్నది వారి ప్రశ్న. ఆ కృషి ఫలించి, వొకలాయిడ్ అను సాఫ్టువేరు 2003లో ప్రకటింపబడెను. 2004లో అంగడికి వచ్చెను.

దాని పనితీరు భాషోపాధ్యాయులకు సులభముగా బోధపడును. ఒక మనిషిచేత వర్ణములను ఒకదానివెంట ఒకటిగా పలికించి రికార్డు చేయుదురు. సకారమునుండి అకారమునకు, అకారమునుండి కకారమునకు నాలుక జారునప్పుడు పుట్టెడి ధ్వని ఒక్కొక్క తునుక. కంప్యూటరు ఆ తునుకలను అతుకు కనబడకుండ కూర్చి, కావలసిన స్వరస్థానమునకు ఎత్తి దించి, పాటగా వినిపించును. పాట కట్టువాడు తెరమీద స్వరములను చిన్న గీతలుగా గీసి, ఒక్కొక్క గీతకు ఒక్కొక్క అక్షరమును చేర్చిన చాలును. ఇట్టి తునుకలు జపాను భాషకు ఒక్కొక్క స్థాయిలో ఇంచుమించు 500 సరిపోగా, ఇంగ్లీషునకు 2500 వరకు కావలసి వచ్చినవి. కారణము స్పష్టము. జపాను మాటలు చాలవరకు అచ్చుతో ముగియును. హల్లుల గుంపులు అందులో అరుదు. తమ భాష అజంతమని సంతోషించు తెలుగువారికి ఈ సౌలభ్యమును వేరుగ వివరింప నక్కరలేదు.

జపానునకు ఉత్తరమున హొక్కైదో అను మంచుదీవి కలదు. అందలి సప్పొరో నగరమున ఇతో హిరొయుకి 1995లో స్థాపించిన క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా అను సంస్థ, సంగీతము కూర్చువారికి ధ్వనులను అమ్ముచుండెడిది. ఆ సంస్థయే వొకలాయిడ్ రెండవ కూర్పును ఆధారముగా గొని 2007 ఆగస్టు 31న హత్సునె మికును వెలువరించెను. గొంతు ఫుజిత సాకి అను నటీమణిది. చిత్రములకు మాటలు చెప్పుట ఆమె వృత్తి. రూపమును కేయి అను చిత్రకారుడు గీసెను. నీలియు పచ్చయు కలిసిన రంగున నేలవరకు జారు రెండు జడలు. 1983లో వచ్చిన యమహా డీఎక్స్ 7 వాద్యపు రంగులను తలపించు దుస్తులు. వయసు 16, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు. ఆమెను గూర్చి సంస్థ చెప్పినది ఇంచుమించు ఇంతమాత్రమే. కథ లేదు, కుటుంబము లేదు, స్వభావము లేదు. పేరులో మాత్రము ఒక సూచన కలదు: హత్సు అనగా మొదటి, నె అనగా ధ్వని, మికు అనగా భవిష్యత్తు.

పాట కట్టినవారు

కథ చెప్పకపోవుటయే ఆ గాయనికి మేలైనది. ఆ పెట్టెను కొన్నవారు గొప్ప సంగీత దర్శకులు కారు. పగలు చదువుకొని, ఉద్యోగము చేసికొని, రాత్రి గదిలో ఒంటరిగా పాటలు కట్టువారు. అట్టివారికి వాద్యములు కంప్యూటరులోనే దొరికెడివి; దొరకనిది గొంతు. గాయనిని పిలిచి, ధ్వనిశాలను అద్దెకు తీసికొని పాడించుటకు స్తోమత లేనివారికి ఆ లోటు తీరినది. కట్టిన పాటలను వారు నికొ నికొ దోగ అను జపాను వీడియో వేదికయందు ఉంచిరి. 2007 సెప్టెంబరులో ఒక హాస్యపు వీడియోలో మికు ఫిన్లాండు దేశపు పాటయైన ఈవాన్ పోల్కాను పాడుచు ఒక ఉల్లికాడను ఊపినది. ఎవరో సరదాకు గీసిన ఆ ఉల్లికాడ నాటినుండి ఆమె చేతి ఆభరణమైపోయినది. జానపద కథలలోని పాత్రలకు ఊరూరను ఒక గుర్తు చేరుట ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు.

2007 డిసెంబరులో ర్యొ అను యువకుడు మెల్ట్ అను పాటను వెలువరించెను. అది మికును గూర్చిన వినోదము కాదు. ప్రేమలో పడిన ఒక బాలిక మనసు అందలి విషయము. అది విన్నవారు యంత్రమును మరచి పాటను వినిరి. ఒకరు స్వరము కట్టగా, మరియొకరు బొమ్మ గీయుచు, వేరొకరు నృత్యము కూర్చుచు, ఒకరి పనిమీద ఒకరు పని చేయసాగిరి. ఆ నెలలోనే క్రిప్టన్ సంస్థ పియాప్రొ అను ఉమ్మడి వేదికను తెరచెను. లాభాపేక్ష లేనంతవరకు, కొన్ని నియమములకు లోబడి, మికు రూపమును వాడుకొనుటకు ఔత్సాహికులకు ఆ సంస్థ అనుమతి నిచ్చెను. రెండేండ్లు తిరుగకుండనే ఆ పాటల సంపద ఒక క్రీడకు చాలినంత పెరిగినది.

ఆట నడక

లయక్రీడలు మికుతో పుట్టినవి కావు. 1996లో మత్సుర మసయ రూపొందించిన పరప్ప ద రాపర్ అను ఆటలో కాగితపు బొమ్మవంటి కుక్కపిల్ల ఒకటి గురువు చెప్పిన పలుకును తాళము తప్పకుండ తిరిగి పలుకవలెను. 1997లో కొనామి సంస్థ బీట్‌మేనియాను ఆటశాలలలో నిలిపెను. అందు అయిదు మీటలును త్రిప్పుటకు ఒక పళ్ళెమును ఉండెడివి. 1998లో అదే సంస్థ తెచ్చిన డాన్స్ డాన్స్ రెవల్యూషన్ తాళమును పాదములకు అప్పగించెను. 2001లో నామ్కో సంస్థవారి తైకొ నొ తత్సుజిన్ ఒక డోలును ముందుంచి, కఱ్ఱలతో కొట్టుమనెను. చేయి, కాలు, కఱ్ఱ — ఒక్కొక్క ఆట తాళమునకు ఒక్కొక్క అంగమును ఎన్నుకొనినది.

2009 జూలై 2న సేగా సంస్థ హత్సునె మికు ప్రాజెక్ట్ దీవా అను ఆటను అరచేత ఇమిడెడి పీఎస్‌పీ యంత్రమునకు వెలువరించెను. మెల్ట్, వరల్డ్ ఈజ్ మైన్ వంటి పాటలు అందులో చేరినవి. ఔత్సాహికులు రాత్రులు మేలుకొని కట్టిన పాటలకు పెద్ద సంస్థవారి ఆటలో పీఠము దొరికినది.

ఆడు విధము ఇట్టిది. యంత్రముమీద నాలుగు మీటలు కలవు. వానిమీద సున్న, త్రికోణము, చతురస్రము, గుణకారపు గుర్తు చెక్కబడి యుండును. పాట సాగుచుండగా తెరమీద ఎచ్చటనో ఒక గుర్తు నీడగా వెలయును. దానిలో గడియారపు ముల్లువంటి సూచి ఒకటి తిరుగుచుండును. అదే గుర్తు రంగుతో నిండినది మరియొక వైపునుండి ఎగిరివచ్చి ఆ నీడమీద వాలును. సూచి పండ్రెండు గంటల స్థానమునకు చేరుటయు, రంగు గుర్తు నీడలో ఒదుగుటయు, పాటలోని దెబ్బయు ఒక్క క్షణమున జరుగును. ఆ క్షణమున సరియైన మీటను నొక్కవలెను. సరిగా కుదిరిన దానికి కూల్ అనియు, కొంచెము తప్పిన దానికి ఫైన్ అనియు, ఇంకను తప్పిన సేఫ్ అనియు తెర తీర్పు చెప్పును. దానికి క్రిందివి ఓటమి మెట్లు. తప్పులు మితిమీరినచో పాట నడుమనే తెర పడును. సులభము మొదలు మిక్కిలి కఠినము వరకు శ్రేణులు కలవు. సులభశ్రేణిలో దెబ్బకొక మీట చాలగా, కఠినశ్రేణిలో గాయని పలుకు ప్రతి అక్షరమునకు వ్రేలు కదలవలెను.

తరువాతి యేండ్లలో ఈ ఆట పలు రూపములు దాల్చినది. 2010లో రెండవ భాగము వచ్చెను. ఆ యేడే ఆటశాలలలో పెద్ద మీటలతో నిలిచెను. 2013లో జపాను ఎల్లలు దాటి పాశ్చాత్య దేశములకు చేరెను. 2016 నాటి ఫ్యూచర్ టోన్ అను కూర్పులో పాటలు 200 దాటినవి. 2020లో నింటెండో స్విచ్ యంత్రమునకు మెగా మిక్స్ అను పేర వెలసి, 2022లో కంప్యూటరులకును వచ్చెను.

హకు, మాత్ర

ఈ ఆట ఆడినవారు చెప్పక చెప్పెడి సంగతి యొకటి కలదు. మొదట వారు కంటితో ఆడుదురు. గుర్తు వచ్చినది చూచి నొక్కుదురు. కఠినశ్రేణికి చేరునప్పటికి కన్ను చాలదు. నిముషమునకు 120 దెబ్బలు గల పాటలో దెబ్బకును దెబ్బకును నడుమ అర సెకను వ్యవధి. అందు నాలుగవ భాగము నొక్కవలసినచో సెకనులో ఎనిమిదవ వంతు. కాస్మో అను రచయిత కట్టిన హత్సునె మికు నొ షొషిత్సు అను పాట నిముషమునకు 240 దెబ్బల వేగమున పరుగెత్తును. అది 2010 నాటి ఆటలో చేరినది. అంత వేగమున చూచి, తెలిసికొని, నొక్కుట కుదరదు. పాట లోపల వినబడుచుండవలెను. వ్రేలు రాబోవు దెబ్బను ముందే ఎరిగి యుండవలెను. అనగా కన్ను తప్పుకొని చెవి పీఠమెక్కును. వీడియో గేమని పేరుపడిన దానిలో చూపు తుదకు రెండవ స్థానమునకు దిగుట గమనింపదగినది.

ఇచ్చట జపాను భాష స్వభావము ఆటకు తోడుపడినది. ఆ భాషలో పలుకు కాలమును కొలుచు ప్రమాణమును హకు అందురు. సంగీతములోని దెబ్బకును వారికి అదే మాట. తెలుగు ఛందస్సులోని మాత్రకు ఇది దగ్గరి చుట్టము. హ్రస్వమునకు ఒక హకు, దీర్ఘమునకు రెండు. తమ దేశమును వారు నిప్పొన్ అందురు. వారి లెక్కలో ని, ప్, పొ, న్ అని నాలుగు హకులు. తెలుగు విద్యార్థి గణవిభజన చేసినను, ద్విత్వమునకు ముందున్న ని గురువు, పొల్లుతో కూడిన పొన్ గురువు. మొత్తము నాలుగు మాత్రలే. టోక్యో అను పేరు వారికి నాలుగు హకులు. తెలుగున రెండు గురువులు, అనగా నాలుగు మాత్రలు. సముద్రములకు ఇరువైపుల నున్న రెండు భాషలు కాలమును ఒకే గిద్దెతో కొలిచినవి.

గాయని పేరునే చూడవచ్చును. తెలుగు లిపిలో హత్సునె అని సంయుక్తాక్షరముతో వ్రాయుచున్నను, జపానువారి ఉచ్చారణలో ఆ త్సు అన్నది ఒక్క హల్లు. చుక్క అన్న మాటలో తెలుగువారు పలికెడి దంత్యచకారమే అది. కనుక హత్సునె అన్నది మూడు లఘువులు, మికు అన్నది రెండు. మూడును రెండును కలిసి అయిదు. పేరులోనే ఖండగతి ఇమిడి యున్నది. పాట కట్టువాడు ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క హకును చేర్చును. ఆటను కూర్చువాడు ఆ హకు పడినచోట ఒక గుర్తును నాటును. ఆడువాడు మీట నొక్కినప్పుడు, తెలిసియో తెలియకయో, సాహిత్యమును అక్షరాక్షరముగా తడవుచున్నాడు.

గుర్తులను నాటు పని యాంత్రికమైనది కాదు. ఒకచోట గుర్తులు గాయని పలుకును అనుసరించును. ఆమె ఊపిరి తీసికొనెడి చోట డోలు దెబ్బను అందుకొనును. మరియొకచోట తంత్రీవాద్యపు పరుగును పట్టుకొనును. సాహిత్యము నడకను మృదంగము కొంతసేపు అనుసరించి, కొంతసేపు తన త్రోవన పోయి, తుదకు కలిసికొను విధమును ఎరిగినవారికి ఇందలి నేర్పు తెలియును. మొదటి ఆటలోనే ఆడువారు తామై గుర్తులను కూర్చుకొనుటకు ఏర్పాటుండెను. ఆడుటకు వచ్చిన బాలుడు ఇట్లు లయను వ్రాయువాడు కూడ కాగలిగెను.

కొలతకు అందనిది

ఇంత చెప్పిన పిమ్మట ఆక్షేపణలను దాచుట న్యాయము కాదు. ఈ ఆట కాలమును మాత్రమే కొలుచును. ముందు నొక్కినను తప్పే, వెనుక నొక్కినను తప్పే. కర్ణాటక సంగీతమున పాట ఎత్తుగడ తాళముతో సమముగా నుండవచ్చును. తాళమునకు ముందో వెనుకో నిలిచి అతీతము, అనాగతము అనిపించుకొనవచ్చును. ఆ యెడము దోషము కాదు. విద్వాంసుడు తెలిసి కల్పించిన అందము. యంత్రమునకు సమమొక్కటే తెలియును. భావము ఎట్టిదో, విన్నవాని కన్ను ఎందులకు చెమర్చినదో దాని లెక్కలోనికి రాదు. నూటికి నూరు వచ్చిన బాలుడు పాటను ఆస్వాదించినాడనుటకు వీలు లేదు. ఛందస్సు తప్పని ప్రతి పద్యమును కవిత్వము కానట్లే.

రెండవ ఆక్షేపణ ధనమునకు సంబంధించినది. 2020 సెప్టెంబరు 30న చేతిఫోనులకు వచ్చిన ప్రాజెక్ట్ సెకాయి అను లయక్రీడలో మికుతో పాటు టోక్యో నగరపు షిబుయ ప్రాంతములో తిరుగాడు విద్యార్థుల కథలు కలవు. ఒకరితో ఒకరు పొసగక, పాటలో మరల కలిసికొను పిల్లల కథలు అవి, బాగుగనే యుండును. కాని కోరిన పాత్ర చిత్రమును పొందుటకు అందు గచ అను పద్ధతి ఉన్నది. చీటీ తీసినట్లు అదృష్టమును పరీక్షించుకొనవలెను. రానిచో మరల తీయవలెను. అందులకు నిజమైన రూకలు వెచ్చించుటకు ద్వారము తెరచి యుండును. లయ నేర్పునది వ్రేలు; చీటీ తీయించునది ఆశ. ఈ రెంటికిని గల భేదమును పిల్లలకు విప్పి చెప్పవలసినవారు తల్లిదండ్రులును ఉపాధ్యాయులును.

మూడవ ఆక్షేపణ మొదటినుండియు ఉన్నదే: యంత్రపు గొంతు వచ్చిన పిమ్మట మనుష్యుని పాట ఏమగును? దీనికి సమాధానము వాదముతో గాక, జరిగిన రెండు సంగతులతో చెప్పుట మేలు.

చేయి ముందా, యంత్రము ముందా

జపాను భాషలో మూడును తొమ్మిదియు కలిపి మికు అని చదువవచ్చును. ఆ కారణమున మార్చి 9 మికు దినమైనది. 2010 మార్చి 9న టోక్యోలోని జెప్ టోక్యో అను సభాశాలలో ఆమె కచేరీ జరిగెను. ఆటకొరకు సేగావారు రూపొందించిన బొమ్మయే పారదర్శకమైన తెరమీద నిలువెత్తున నిలిచి పాడినది. ఆమె ప్రక్కన వాద్యములు వాయించినవారు నిజమైన మనుష్యులు; ఎదుట వెలుగుకఱ్ఱలను ఒక్క లయతో ఊపినవారును నిజమైన మనుష్యులే. అరచేతిలోని ఆట సభగా విస్తరించెను; మీట స్థానమున వెలుగుకఱ్ఱ వచ్చెను. కాని పద్ధతి మారలేదు. యంత్రము ముందు నడచెను; మనుష్యుడు వెంబడించెను.

దానిని తలక్రిందులు చేసినవాడు ఒక వృద్ధుడు. విద్యుద్వాద్యముల సంగీతమున లోకప్రసిద్ధుడైన తొమిత ఇసావొ 1932లో జన్మించెను. తన 80వ యేట, 2012 నవంబరులో, టోక్యో ఒపెరా సిటీయందు ఇహతోవ్ అను సింఫొనీని వినిపించెను. కవియు, కొంతకాలము వ్యవసాయ పాఠశాలలో ఉపాధ్యాయుడునైన మియజవ కెన్జి రచనాలోకము దానికి ఆధారము. పెద్ద వాద్యబృందము, గాయకబృందము నడుమ ఏకాకి గాయని మికు. సామాన్యముగా యంత్రపు పాట గడియారము వలె నడచును. మనుష్యులు దాని అడుగులో అడుగు వేయవలెను. తొమిత అందుల కొప్పుకొనలేదు. వాద్యబృందమును నడుపు నాయకుని చేతికఱ్ఱ నెమ్మదించిన గాయని నెమ్మదింపవలెను. అది వేగిరపడిన ఆమె వేగిరపడవలెను. ఆ యేర్పాటును సాధించిన పిమ్మటనే సభ జరిగెను. ఆ రాత్రి యంత్రము మనుష్యుని చేతికి లోబడి పాడినది. తొమిత 2016లో కన్నుమూసెను. యంత్రపు గొంతునకు లయ నేర్పవలసినది మనుష్యుని చేయి అన్న ఆయన పట్టుదల మాత్రము ఆ రచనతోపాటు మిగిలినది.

రెండవ సంగతి విషాదకరము. వొవక అను పేరుతో పాటలు కట్టిన యువకుడు 1987లో జన్మించెను. 2009 మొదలుకొని అతడు మికుచేత పాడించిన పాటలు వేగమునకును, ఊపిరి సలుపని మాటల కూర్పునకును పేరుపడినవి. 2010లో వచ్చిన రోలింగ్ గర్ల్ వానిలో నొకటి. పదేపదే పడి, లేచి, మరల ప్రయత్నించు ఒక బాలిక మనఃస్థితి అందలి విషయము. పిమ్మట అతడు హితొరియె అను వాద్యబృందమును నిలిపి, స్వయముగా పాడెను. 2019 ఏప్రిలులో, 31వ యేట, హృదయము ఆగి మరణించెను.

రోలింగ్ గర్ల్ ఫ్యూచర్ టోన్ ఆటలో ఉన్నది. అతడు లేని యేండ్లలో ఆ పాటను క్రొత్తగా ఆడువారు ఎందరో వచ్చిరి. ఎక్కడ తొందరపడవలెనని అతడు అనుకొన్నాడో వారి వ్రేళ్ళు అక్కడనే తొందరపడుచున్నవి. ఎక్కడ ఆగవలెనని తలచినాడో అక్కడనే ఆగుచున్నవి. గాయని పదునారేండ్ల బాలికగనే నిలిచి యున్నది. ఆమెకు మరణము లేదు. కాని ఆమె పాటలో ఆమెది అనదగినది ఏమియు లేదు. గొంతు ఫుజిత సాకిది, స్వరమును మాటయు పాట కట్టినవానివి, అడుగు నృత్యము కూర్చినవానిది, తాళము ఆడువానిది. లేనిది ఒక్క గాయని మాత్రమే. తక్కినవారందరును ఉన్నవారే, ఒకనాడు ఉండినవారే. యంత్రము మనుష్యుని తొలగించినదని చెప్పువారు ఆ తెర వెనుక ఎందరు నిలిచి యున్నారో లెక్కించి చూడవలెను.

తరగతి గదికి

ఈ క్రీడలను పాఠశాలలకు తీసికొని రమ్మని ఎవరును చెప్పరు. కాని వాని నడకలో ఉపాధ్యాయునకు పనికివచ్చు సూత్రము ఒకటి కలదు. గురులఘువులను కాగితముమీద గుర్తింపగలిగి, గణముల పేర్లను తడబడక అప్పగించి, పద్యమును చేత నిచ్చినంతనే మాత్రలు మ్రింగుచు చదువు విద్యార్థులు ప్రతి తరగతిలోను ఉన్నారు. వారు ఛందస్సును కంటితో నేర్చినారు, చేతితో నేర్వలేదు. ఆట ఆడెడి బాలుడు అదే చిక్కును మొదటి వారమున ఎదుర్కొని, అభ్యాసము చేత దాటుచున్నాడు. లఘువునకు ఒక చిటిక, గురువునకు రెండు చిటికలంత నిలుపు అని బల్లమీద వేయించి ఒక ద్విపదను చదివించినచో, గంటసేపు చెప్పిన లక్షణము పది నిముషములలో ఒంటబట్టవచ్చును. తప్పినపుడు తప్పు వెంటనే వినబడును. నవ్వుకొని మరల మొదలుపెట్టవచ్చును. ఆటకు గల మర్యాద అదియే: అది తప్పును చూపును, అవమానింపదు, ఎన్ని మారులైనను మొదటినుండి పాడును.

విద్యార్థులకు చెప్పవలసినది వేరొకటి కలదు. నూటికి నూరు తెచ్చుకొనిన నాడు మీటలను ప్రక్కన బెట్టి, ఆ పాటనే కన్నులు మూసికొని ఒక్కమారు వినవలెను. గుర్తులు లేనప్పుడు కూడ చేయి తనంత తాను కదలినచో లయ అబ్బినది. ఆ కదలికలో మనసు కూడ కదలినచో పాట అందినది. ఆ రెండవదానికి తీర్పు చెప్పు తెర యింకను పుట్టలేదు.

ముందు వరుసలోని రసికుడు తొడమీద వేసిన దెబ్బను ఎవరును లెక్కింపలేదు. అతనికి మార్కులు వేయలేదు. జపాను బాలునికి తెర లెక్కించి చెప్పుచున్నది. ఇద్దరును చేయునది ఒక్కటే: ఇతరులు కట్టిన పాటలో తమ వంతు కాలమును తాము మోయుట. హత్సునె మికునకు వయసు పదునారు దాటదు. ఆమెకు తాళము వేసిన వ్రేళ్ళు మాత్రము పెరుగును, అలయును, నేర్చును.